పంటికి బీమా: కంప్లి కుటుంబం ముందున్న దారులు

మన దేశంలో అమ్ముడయ్యే ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటిలో పంటి వైద్యానికి చోటు లేదు. గుండెకూ మూత్రపిండానికీ మోకాలికీ లక్షలు చెల్లించే పాలసీ కూడా రాత్రంతా నిద్రపట్టనివ్వని పిప్పి పన్ను ఖర్చును మినహాయింపుల్లో చేర్చేస్తుంది. ఆ సంగతి తెలియక ఏళ్ళ తరబడి ప్రీమియం కట్టినవాళ్ళున్నారు. తెలిసి, పళ్ళకు విడిగా ఏదైనా బీమా దొరుకుతుందేమోనని వెతికేవాళ్ళూ ఉన్నారు. కంప్లిలో బతికే ఓ మామూలు తెలుగు కుటుంబం ముందున్న దారులన్నీ ఒకచోట పెట్టి తూచి చూద్దామనే ఈ ప్రయత్నం.

కంప్లిని తీసుకోవడానికి కారణం ఉంది. తుంగభద్ర ఒడ్డునున్న ఈ ఊరు బళ్ళారి జిల్లాలోది, నది దాటితే కొప్పళ జిల్లా గంగావతి. 1953లో ఆనకట్ట పూర్తయ్యాక కాలవల కింద వరి పండించడానికి కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ క్యాంపులు ఈ ఆయకట్టులో ఎన్నో. అంతకు చాలా ముందు నుంచే ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. అదే 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి, ఈ వైపు మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆ గీత చుట్టరికాలను విడదీయలేకపోయింది గానీ సర్కారు పథకాలను విడదీసింది. ఆదోనిలో ఉన్న అక్కకు 2007లో మొదలై ఇప్పటికీ జనం నోట ఆరోగ్యశ్రీగానే ఉన్న పథకం అందుతుంది. కంప్లిలో ఉన్న చెల్లెలికి కర్ణాటక రేషన్ కార్డు మీద ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటక వర్తిస్తుంది. అక్క ఫోన్లో చెప్పిన దారి చెల్లెలికి పనిచేయదు. అయితే పంటి విషయంలో ఈ రెండు కార్డులూ ఒక్కలాంటివే. రెండూ ఆస్పత్రిలో మంచమెక్కే జబ్బుల కోసం పుట్టినవి.

పంటికి బీమా ఎందుకు కుదరదో ముందు తెలుసుకుంటే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. వరి రైతులకు ప్రధానమంత్రి ఫసల్ బీమా తెలుసు. ఖరీఫ్‌లో బీమా మొత్తం మీద రైతు నూటికి రెండు రూపాయలు కడితే చాలు. వరదో కరువో ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, వచ్చిననాడు ఒక్కడు తట్టుకోలేడు. అందుకే అందరూ తలా కొంచెం వేసుకుని నష్టపోయినవాణ్ణి నిలబెడతారు. ఏటా మొలిచే కలుపుకు మాత్రం ఏ కంపెనీ బీమా ఇవ్వదు. అది తప్పకుండా వస్తుంది, అందరికీ వస్తుంది, తీయించడానికి ఎంతవుతుందో ముందే తెలుసు. పళ్ళలో పుచ్చు కూడా ఆ కలుపు లాంటిదే. నోటి జబ్బులున్నవాళ్ళు లోకంలో దాదాపు 350 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదికలో చెప్పింది. ఇంతమందికి వచ్చేదాన్ని అనుకోని ఆపదగా లెక్కగట్టడం బీమా లెక్కలకు అందదు.

ఇంకో చిక్కు ఉంది. గుండెపోటు చెప్పి రాదు. పంటి జబ్బు చెప్పే వస్తుంది. పన్ను చల్లనీళ్ళకు జివ్వుమంటుంది, తీపికి లాగుతుంది, నెలల తరబడి హెచ్చరిస్తుంది. పాలసీ బజార్లో ఉంటే ఆ హెచ్చరిక అందినవాళ్ళే ముందుగా కొంటారు, పళ్ళు బాగున్నవాళ్ళు దాని జోలికి రారు. అందుకే పంటి బీమా ఉన్నచోటల్లా నిరీక్షణ కాలం, ఏడాదికింతే అనే హద్దు తప్పకుండా ఉంటాయి. పైగా ఒకే పంటికి నాలుగైదు వైద్యాలున్నాయి. ఐదారు వందలతో పీకించుకుని ఊరుకోవచ్చు, వేలు పోసి రూట్ కెనాల్ చేయించి క్యాప్ వేయించుకోవచ్చు, అంతకు ఎన్నో రెట్లు పెట్టి ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చు. ఏది అవసరం, ఏది కోరిక అన్నది దూరాన కూర్చున్న కంపెనీ తేల్చలేదు.

పంటి బీమా బాగా వేళ్ళూనిన అమెరికా చరిత్ర చూసినా ఇదే కనబడుతుంది. 1954లో పసిఫిక్ తీరపు ఓడరేవు కార్మికుల యూనియన్ తమ పిల్లల పళ్ళ కోసం పట్టుబట్టి పథకం సాధించుకోవడంతో అక్కడ ఈ ఏర్పాటు మొదలైంది. ఇప్పుడు ఆ దేశంలో ఉద్యోగం వెంట వచ్చే డెంటల్ ప్లాన్లలో ఎక్కువ భాగం పరీక్షలకూ క్లీనింగుకూ పూర్తిగా, సందు పూడ్చడానికి ఎనభై శాతం, క్యాప్ లాంటి పెద్ద పనులకు సగం ఇస్తాయి. మొత్తం కలిపి ఏడాదికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల దగ్గర ఆగిపోతాయి. పెద్ద ఖర్చు వచ్చిననాడే హద్దు అడ్డుపడుతుందన్న మాట. అక్కడి తెలుగు కుటుంబాలు రూట్ కెనాలూ క్యాపులూ దాచుకుని సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు చేయించుకోవడం అందుకే. ఈ ప్రాంతం నుంచి అమెరికా వెళ్ళే అమ్మానాన్నలు ఒక్కటి గుర్తుంచుకోవాలి. అక్కడికి వెళ్ళేవాళ్ళు కొనే విజిటర్ పాలసీలు మామూలు పంటి వైద్యానికి డబ్బివ్వవు. అనుమానం ఉన్న పన్నును విమానం ఎక్కకముందే బాగుచేయించుకోవాలి.

సర్కారే అంతా భరిస్తే? బ్రిటన్ 1948లో ఆ పని చేసింది, పళ్ళ సెట్లతో సహా అన్నీ ఉచితమన్నది. దశాబ్దాలుగా బాధపడుతున్న జనం ఒక్కసారిగా రావడంతో ఖర్చు తట్టుకోలేక 1951లో కట్టుడు పళ్ళకు రుసుము పెట్టింది. ఆ జాతీయ ఆరోగ్య వ్యవస్థను నిర్మించిన మంత్రి అనూరిన్ బెవన్ దానికి నిరసనగా రాజీనామా చేశాడు. పంటి ఖర్చును ఎవరు మోయాలన్న తగువు సంపన్న దేశాల్లోనే తెగలేదు.

ఇక మన బజారుకు వద్దాం. మామూలు ఆరోగ్య పాలసీలో పంటి గురించి ఉండే వాక్యం దాదాపు ఒకటే: ప్రమాదంలో దెబ్బ తగిలి ఆస్పత్రిలో చేరాల్సి వస్తే తప్ప పంటి వైద్యానికి చెల్లించము. ఈ వాక్యం కఠినంగా కనబడినా అందులో విలువ ఉంది. హొసపేట రోడ్డులో బైకు మీంచి పడి దవడ విరిగితే, ప్లేట్లు వేసి కట్టే ఆపరేషన్ ఖర్చు ఏ కుటుంబాన్నయినా కుంగదీస్తుంది. అలాంటి నష్టాన్ని పాలసీ ఆదుకుంటుంది. బీమా నియంత్రణ సంస్థ ఆదేశంతో 2020 ఏప్రిల్ నుంచి కంపెనీలన్నీ ఒకే నమూనాలో అమ్ముతున్న ఆరోగ్య సంజీవని పాలసీ ఇంకో అడుగు ముందుకేసి, జబ్బు వల్లగానీ గాయం వల్లగానీ అవసరమైన పంటి వైద్యాన్ని ఇన్‌పేషెంట్ ఖర్చుల్లో చేర్చింది. అయితే ఆస్పత్రిలో చేరాలి, బిల్లులో ఐదు శాతం మనం భరించాలి. కుర్చీలో కూర్చుని గంటలో ముగించుకొచ్చే రూట్ కెనాల్‌కు ఇది అక్కరకు రాదు.

అలాంటి కుర్చీ వైద్యానికి డబ్బిచ్చేది, ఆస్పత్రిలో చేరకుండా చేయించుకునే వైద్యం కోసం ఉన్న ఓపీడీ కవర్ మాత్రమే. కొన్ని కంపెనీలు పెద్ద పాలసీల్లో భాగంగానూ, కొన్ని అదనపు రుసుముతోనూ ఇస్తున్నాయి. ఇక్కడ కాగితం, కలం తీసుకుని కూర్చోవాలి. ఉదాహరణకు ఓపీడీ కవర్ కోసం ఏడాదికి అదనంగా నాలుగు వేలు అడిగారనుకుందాం. ఇంటిల్లిపాదికీ కలిపి దాని హద్దు ఐదు వేలు, అందులో డాక్టరు ఫీజులు, మందులు, రక్తపరీక్షలు కూడా కలిసే ఉంటాయనుకుందాం. అంటే గరిష్ఠ లాభం వెయ్యి రూపాయలు. అదైనా రసీదులు దాచి, క్లెయిమ్ ఫారం నింపి, ఆ క్లినిక్ కంపెనీ నెట్‌వర్క్‌లో ఉంటేనే. కంప్లి లాంటి ఊళ్ళకు ఈ చివరి షరతే పెద్ద అడ్డంకి. జాబితాలో క్లినిక్కులు బళ్ళారిలోనో హుబ్బళ్ళిలోనో ఉంటే బస్సు ఛార్జీలకే ఆ వెయ్యి చాలదు. నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: పంటి కోసమే ఓపీడీ కవర్ కొనడం ఈ ప్రాంతపు కుటుంబానికి దండగ. షుగరో బీపీయో ఉండి నెలనెలా డాక్టరు దగ్గరికి వెళ్ళే పెద్దలుంటే సంగతి వేరు, పంటి వైద్యం దానికి తోడుగా వస్తుంది.

క్లినిక్కులూ ఆన్‌లైన్ సంస్థలూ అమ్మే డెంటల్ కార్డులు మరో రకం. ఏడాదికింత కడితే కుటుంబానికి ఉచిత పరీక్ష, ఒక క్లీనింగ్, మిగతా వాటిలో ఇంత శాతం తగ్గింపు అంటారు. వాటిని బీమాగా భావించకూడదు. బీమా నియంత్రణ సంస్థ అజమాయిషీ వాటి మీద లేదు, తేడా వస్తే బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్ళలేం. తగ్గింపు ఏ ధర మీద ఇస్తున్నారన్నది ముందే రాతలో తీసుకోవాలి. పక్క క్లినిక్కులో మూడు వేలకు చేసే పనికి ఐదు వేలు ధర పెట్టి నలభై శాతం తగ్గిస్తే మనకు మిగిలేది సున్నా. దగ్గరున్న, నమ్మకమున్న డాక్టరు ఇస్తే తీసుకోవచ్చు. ఊరు దాటి వెళ్ళాల్సిన కార్డు వద్దు.

ఇప్పుడు సర్కారు వైపు చూద్దాం. ఇక్కడే సరుకు ఎక్కువ, తెలిసినవాళ్ళు తక్కువ.

ఆయుష్మాన్ భారత్ – ఆరోగ్య కర్ణాటకలో బీపీఎల్ కుటుంబానికి ఏడాదికి ఐదు లక్షల వరకు వైద్యం ఉంది. కార్డు లేని మిగతావారికి ప్యాకేజీ ధరలో ముప్ఫై శాతం, లక్షన్నర మించకుండా. సందు పూడ్చడం, క్యాపు, కట్టుడు పళ్ళు ఇందులోకి రావు. దవడ విరగడం, దవడలో గడ్డలు, నోటి క్యాన్సర్, గ్రహణమొర్రి వంటివి వస్తాయి. గుట్కా, తంబాకు నమిలే అలవాటు పాతుకుపోయిన జిల్లాలో ఇది చిన్న విషయం కాదు. కర్ణాటక 2013లో గుట్కాను నిషేధించినా దుకాణాల్లో సుపారీ పొట్లం ఒకవైపు, తంబాకు పొట్లం మరోవైపు వేలాడుతూనే ఉన్నాయి. నోట్లో తెల్లమచ్చ గానీ మానని పుండు గానీ రెండు మూడు వారాలు దాటితే కార్డు తీసుకుని ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్ళాలి. అత్యవసరం కాని పెద్ద చికిత్సలకు ప్రైవేటు ఆస్పత్రిలో చేరాలంటే ప్రభుత్వ ఆస్పత్రి సిఫారసు ఉత్తరం కావాలన్నది ఈ పథకం పద్ధతి. అది తెలియక నేరుగా ప్రైవేటులో చేరి తర్వాత బాధపడేవాళ్ళున్నారు.

సహకార సంఘంలో సభ్యులైన రైతులకు యశస్విని ఉంది. 2003లో ఒక్కొక్కరికి ఏడాదికి 60 రూపాయలతో నడక మొదలుపెట్టి, మధ్యలో ఆగి, 2023 జనవరి నుంచి మళ్ళీ నడుస్తోంది. గ్రామీణ కుటుంబంలో నలుగురికి కలిపి 500 రూపాయలు, ఆపై ఒక్కొక్కరికి 100. నిర్ణీత చికిత్సల జాబితా మీద నడిచే పథకమిది. ఇంత తక్కువ రుసుముకు పెద్ద ఆపరేషన్ల భయం తీరుతుంది కాబట్టి అర్హత ఉంటే చేరడమే మేలు. పళ్ళ కోసం మాత్రం దీన్ని నమ్ముకోకండి.

రైస్ మిల్లుల్లో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు చాలామంది మరిచిపోయేది ఈఎస్ఐ. పదిమంది, ఆపైన పనివాళ్ళున్న సంస్థలో నెల జీతం 21,000 మించనివాళ్ళకు ఇది హక్కు. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా జీతంలో ముప్పావు శాతం. పదిహేను వేల జీతగాడికి నెలకు నూటపన్నెండున్నర రూపాయలు. దాంతో అతనికీ కుటుంబానికీ వైద్యం అందుతుంది, అందులో పంటి వైద్యమూ ఉంది. ఈఎస్ఐ సంస్థ కలబురగిలో ఏకంగా దంత కళాశాలే నడుపుతోంది. కంప్లికి అది దూరమే అయినా పెద్ద పనుంటే అక్కడికి పంపే వీలుందా అని డిస్పెన్సరీలో అడగాలి. మిల్లు యజమాని వాటా కడుతున్నాడా లేదా చూసుకోవడం కార్మికుడి చేతిలో పనే. జీతం చీటీలో కోత కనబడితే కార్డు ఉండి తీరాలి. మాజీ సైనికుల కుటుంబాలకు ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్కుల్లో పంటి వైద్యం ఉంది.

ఇవన్నీ తూచాక, కంప్లి కుటుంబానికి పంటి విషయంలో దొరికే అసలైన రక్షణ బళ్ళారిలో ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. అక్కడి ప్రభుత్వ దంత వైద్య కళాశాల. ఇంచుమించు యాభై కిలోమీటర్లు. చిగుళ్ళకు, పిల్లల పళ్ళకు, క్లిప్పులకు, రూట్ కెనాల్‌కు, కట్టుడు పళ్ళకు దంత కళాశాలల్లో వేర్వేరు విభాగాలుంటాయి, రుసుము ప్రైవేటుతో పోలిస్తే నామమాత్రం. చేసేది విద్యార్థులే గదా అని సందేహించేవాళ్ళకు ఒక్క మాట: ప్రతి దశలోనూ అధ్యాపకులు చూసి సరేనన్నాకే తర్వాతి దశకు వెళతారు. హడావిడి క్లినిక్కులో ఒక్క పూటలో ముగించే పని ఇక్కడ మూడు నాలుగు రాకపోకలు తీసుకుంటుంది. ధర చౌక, కాలం ఖరీదు. కూలికి వెళ్ళే మనిషికి మూడు రోజుల కూలి పోవడమూ ఖర్చే, దాన్ని లెక్కలో వేసుకోవాలి. ఒక్క సందు పూడ్పించడానికి ఊళ్ళోని డాక్టరు దగ్గరికే వెళ్ళండి. పిల్లకు రెండేళ్ళ పాటు క్లిప్పులు, తాతకు పళ్ళ సెట్టు, ఇద్దరు ముగ్గురికి రూట్ కెనాల్ అంటే బళ్ళారి బస్సు ఎక్కడమే లాభం. క్లిప్పులకు డబ్బిచ్చే పాలసీ మన దేశంలో వెతికినా దొరకడం కష్టం. గంగావతిలోనూ క్లినిక్కులున్నాయి, దూరం ఇంకా తక్కువ, కానీ ఆనకట్ట గేట్లు ఎత్తి ఎక్కువ నీళ్ళు వదిలినప్పుడు కంప్లి వంతెన మునిగిపోతుంది. వానాకాలంలో మొదలుపెట్టిన రూట్ కెనాల్ సగంలో ఆగకుండా చూసుకోవాలి.

ముసలివాళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. పళ్ళూడిన పెద్దాయన సంగటి నీళ్ళల్లో కలుపుకుని తాగుతూ ఉంటే ఇంట్లో అందరూ వయసు మీద పడిందిలే అనుకుంటారు. నమలలేనివాడు కూర తినడు, పప్పు తగ్గిస్తాడు, నీరసిస్తాడు. బీపీఎల్ కార్డున్న వృద్ధులకు ఉచితంగా పళ్ళ సెట్టు కట్టించేందుకు కర్ణాటక ప్రభుత్వం దంత భాగ్య పథకం పెట్టింది. దంత కళాశాలల ద్వారా నడిచే పథకం ఇది. మొదట అరవై దాటినవారికని పెట్టి తర్వాత వయసు తగ్గించారు. రేషన్ కార్డు, ఆధార్ తీసుకెళ్ళి బళ్ళారి కళాశాలలో అడగాలి. తండ్రి పేరున వేలు పోసి పాలసీ కొనే కొడుకు ముందుగా చేయాల్సింది ఈ ఒక్క ప్రయాణం.

పిల్లలకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 2013 నుంచి వైద్య బృందాలు ప్రభుత్వ బడులకు ఏడాదికోసారి, అంగన్‌వాడీలకు రెండుసార్లు వస్తాయి. వాళ్ళు చూసే ముప్ఫై సమస్యల్లో పళ్ళ పుచ్చు ఒకటి. చీటీ రాసిస్తే పై ఆస్పత్రిలో ఉచిత వైద్యం. పాలపళ్ళే గదా ఊడిపోతాయని ఆ చీటీని పుస్తకాల సంచిలోనే వదిలేయకండి. పాలపళ్ళు వేళకు ముందే పోతే వచ్చే పళ్ళు వంకరపోతాయి, ఆ వంకర సరిచేయడానికే రేపు క్లిప్పుల ఖర్చు. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్ళు బళ్ళారి జిల్లాలోనూ ఉన్నాయి. మన దేశంలో ఆ నీళ్ళ వల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను 1937లో మొదటిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే. దాని వల్ల పళ్ళ మీద పడే గోధుమ చారలు పోగొట్టే వైద్యాన్ని పాలసీలన్నీ అందం కోసం చేసేదిగా చూస్తాయి. చిన్నపిల్లలున్న ఇంట్లో నీటి పరీక్ష చేయించుకోవడమే దానికి విరుగుడు. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫరవాలేదు, ఒకటిన్నర దాటితే నీళ్ళు మార్చాలి.

డబ్బు లెక్క ఇంకొంచెం. చిన్న ఊళ్ళలో ధరలు డాక్టరును బట్టి మారతాయి కాబట్టి ఉజ్జాయింపు చెబుతాను. చిన్న పుచ్చును పూడిస్తే వెయ్యి లోపు అయిపోయే పని, నరం దాకా వెళ్ళనిస్తే రూట్ కెనాల్, క్యాపు కలిపి ఆరేడు వేలవుతుంది. అప్పుడూ ఊరుకుని పన్ను పీకించుకుంటే, ఆ ఖాళీలో బ్రిడ్జి కట్టించడానికి పది వేల పైమాటే. నొప్పి మాత్రలు, లవంగ నూనె, ఆర్ఎంపీ సూది ఈ వరుసలో ఒక మెట్టు పైకి ఎక్కిస్తాయే తప్ప పుచ్చును ఆపవు. ఐదుగురున్న ఇంటికి నేనిచ్చే సలహా ఇది: ఓపీడీ కవర్‌కు కట్టాలనుకున్న ఆ నాలుగు వేలు వరి డబ్బులు చేతికొచ్చిన వారంలోనే పోస్టాఫీసులోనో బ్యాంకులోనో విడి ఖాతాలో వేయండి. ఏటా రెండు పంటలుంటే రెండు దఫాలుగా. ఇంటిల్లిపాదికీ ఏడాదికోసారి పళ్ళు చూపించడం, అవసరమైనవాళ్ళకు క్లీనింగ్, ఒకటి రెండు సందులు పూడ్పించడం అందులోనే సరిపోతాయి. ఆ ఏడు ఖర్చు కాకపోతే డబ్బు మన దగ్గరే ఉంటుంది, ప్రీమియం అయితే ఏడాది తిరిగేసరికి పోయేది.

పెద్ద ఆరోగ్య పాలసీ మాత్రం మానకండి. దవడ, క్యాన్సర్, ప్రమాదం దాని పని. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, అంతకు ముందు పద్దెనిమిది శాతం ఉండేది. ఏజెంటు చెప్పిన మాట కంటే పాలసీతో వచ్చే వినియోగదారు సమాచార పత్రం చదవడం ముఖ్యం, అడిగితే దాన్ని ప్రాంతీయ భాషలో ఇవ్వాలి. అందులో చూడాల్సినవి: పంటి వైద్యానికి ఆస్పత్రిలో చేరడం తప్పనిసరా, నిరీక్షణ ఎన్ని నెలలు, హద్దు మనిషికా కుటుంబానికా, నెట్‌వర్క్‌లో కంప్లి, గంగావతి, హొసపేట, బళ్ళారి క్లినిక్కులు ఎన్ని. నచ్చకపోతే పాలసీ అందిన ముప్ఫై రోజుల్లో వెనక్కి ఇచ్చేయవచ్చు. క్లెయిమ్ తిరస్కరిస్తే కారణం రాతలో అడిగి, కంపెనీ ఫిర్యాదుల విభాగం తర్వాత బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోన్ చేయాలి, అక్కడా తేలకపోతే బెంగళూరు బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు.

ఇన్ని దారులున్నా అవి ఎక్కడ మొదలవుతాయో చెప్పేవాళ్ళు ఊళ్ళో లేకపోవడం నన్ను బాధపెడుతుంది. బళ్ళారి దంత కళాశాల ఓపీ వేళలు, ఏ విభాగం ఏ రోజు, ఏ పనికి ఎంత రుసుము, దంత భాగ్యకు ఏ కాగితాలు కావాలి అన్న ఒక్క పట్టిక కంప్లి ప్రభుత్వ ఆస్పత్రి గోడ మీదా ప్రతి క్యాంపు పాల కేంద్రం దగ్గరా కన్నడంలోనూ తెలుగులోనూ ఉండాలి. నెలకోసారి ఆ కళాశాల వైద్యులు క్యాంపులకు వచ్చి శిబిరం పెట్టేలా అడగాలి. గ్రామ పంచాయతీ తీర్మానం చేసి తాలూకా ఆరోగ్యాధికారికి ఉత్తరం రాస్తే అడగడం మొదలైనట్టే, ఆ ఉత్తరానికి ఖర్చేమీ లేదు.